వెడల్పు వీపుగల కంచరగాడిదకు జీను కట్టు విధము

కంచరగాడిద మగగాడిదకును ఆడుగుఱ్ఱమునకును పుట్టినది. దాని మూపు గుఱ్ఱపు మూపువలె ఎత్తుగా నుండదు. బలిసినచో వీపు పీపావలె గుండ్రనగును. ఇట్టిదానిపై గుఱ్ఱపుజీను వేసినచో నది ప్రక్కకు దొర్లును, దిగుడుదారిలో మెడమీదికి జాఱును. అప్పుడు పొట్టపట్టెడను మఱింత బిగించుట పెక్కురకు వాడుక. ఇది కూడదు. బిగించినకొలది ముంగాళ్ల వెనుకటి చర్మ మొరసి పుండగును. పుండు మానువఱకు జీను వేయరాదు. మేత మాత్రము పెట్టక తప్పదు.

జీనులోని కొయ్యపలకలు వీపునకు సరిగా ఆనునట్లు వెడల్పుగను, చదునుగను ఉండవలెను. అవి వెన్నెముకను తాకరాదు. దిగుడున జీనును నిలుపునది తొడలవెనుకగా వచ్చు వెడల్పు తోలుపట్టెడయే. జీను విప్పినవెంటనే చెమటను పరీక్షింపుడు. చుట్టును తడిసి నడుమ నొకచోట పొడిగా నున్నచో, అచ్చట జీను అదుముచున్నదని యెఱుంగవలయును.

ఈ జంతువునకు ఆడుగుఱ్ఱముపై మక్కువ మెండు. అమెరికాలో బరువులు మోయు కంచరగాడిదల మందకు ముందు, మెడకు గంట గట్టిన ఆడుగుఱ్ఱమును నడిపెడివారు. రాత్రి దాని నొక్కదానిని కట్టివేసిన, తక్కినవి దూరము పోకుండెడివి. కావున స్వారి నేర్పునప్పుడు అలవాటైన గుఱ్ఱమునో గాడిదనో ముందు నడిపింపుడు. ఒంటిగా గొనిపోయినచో నది కాలూది నిలుచును, కొట్టినను కదలదు.