ఎడారి తీరాన వ్యాన్‌లో బస: ఏ జాగ్రత్తలు?

ప్రశ్న: మేం శాన్ డియాగోలో ఉంటున్నాం. డిసెంబరులో పిల్లలతో వ్యాన్‌లో మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా వెళ్లి, సముద్రం ఒడ్డునే బస చేయాలనుకుంటున్నాం. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? – ఒక పాఠకురాలు

జవాబు: మంచి కాలమే ఎంచుకున్నారమ్మా. వేసవిలో అక్కడి ఎండను పిల్లలు తట్టుకోలేరు. అమెరికా వాహన బీమాను మెక్సికో చట్టం గుర్తించదు కాబట్టి అక్కడి పాలసీ ముందే తీసుకోండి. సరిహద్దులో పర్యాటక అనుమతి పత్రం మరవద్దు.

టిహువానా నుంచి కాబో శాన్ లూకాస్ దాకా సుమారు 1,700 కిలోమీటర్ల ఒకటో నంబరు రహదారే మీ దారి. ఎల్ రొసారియోలో ట్యాంకు నిండా నింపండి. ఆ తర్వాత దాదాపు 300 కిలోమీటర్లు ఎడారే. అక్కడ బంకును నమ్ముకోలేం. చీకటి పడ్డాక బండి నడపవద్దు. రోడ్డు ఇరుకు, పశువులు అడ్డొస్తాయి.

బసకు ములెహే దాటాక వచ్చే కన్సెప్సియోన్ అఖాతం మేలు. శాంతిస్పాక్, ఎల్ రెకెసోన్ తీరాల్లో అలలు నెమ్మది, పిల్లలకు అనువు. తాగునీరు మాత్రం మీరే తీసుకెళ్లాలి. మనిషికి రోజుకు కనీసం నాలుగు లీటర్లు ఉంచుకోండి. ఇసుక గట్టిగా ఉందో లేదో నడిచి చూశాకే వ్యాన్ దించండి. రాత్రిళ్లు చలి, గాలి ఉంటాయి, దుప్పట్లు అవసరం.

ఎడారిలో చెత్త ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. మీ చెత్తను మీతోనే వెనక్కి తీసుకెళ్లండి.