సీసపు సైనికులు - సన్నగిల్లిన ఉత్సాహము

విద్యార్థులారా! చిన్న సైనికుల బొమ్మలతో యుద్ధక్రీడ యాడుట పాశ్చాత్యదేశములందొక వినోదము. ఆంగ్లరచయిత యగు హెచ్. జి. వెల్స్ 1913లో "లిటిల్ వార్స్" అను గ్రంథమున దీనికి నియమములు కూర్చెను. ఇంటికి వచ్చిన మిత్రుడొకడు భోజనానంతరము బొమ్మ ఫిరంగితో సైనికుని గురిచూచి కొట్టుటయే ఆ యాటకు మూలము.

ఈ క్రీడాసక్తులు తొలియుత్సాహమున వందలకొలది బొమ్మలు కొందురు. ప్రతిదానికిని చేతితో రంగు వేయవలెను గదా! రంగెరుగని సేన పెట్టెలలో పేరుకొనును, చూచినంతనే మనసు క్రుంగును, కుంచె మూలబడును. దీనికి హేతువు తరచుగా సోమరితనము కాదు, శక్తికి మించిన సంకల్పము.

విరుగుడేమనగా: పెట్టెలు మూసి, ఐదు బొమ్మలను మాత్రమే బల్లపై నుంచి, వానిని ముగింపవలెను. పిమ్మట మిత్రుని బిలిచి చిన్న యాట యాడవలెను. ముగించిన స్వల్పకార్యమును, ఎదుట కూర్చున్న చెలికాడును చల్లారిన యుత్సాహమును మరల రగుల్చును. మీ పాఠములకును ఈ న్యాయమే వర్తించును.