గాయం తరువాత మనిషి

కాలో చెయ్యో విరిగి మనిషి మంచాన పడితే మన పల్లెల్లో వెంటనే వినపడే మాట ఒకటున్నది - “ఇగ వాని పనైపోయింది.” ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారి పొడుగునా, అడవి అంచున ఉన్న ఊళ్ళలో వ్యవసాయం గాని, కూలి గాని, తాటిగీత గాని, తునికాకు కోత గాని అన్నీ ఒంటిబలం మీద నడిచే పనులే. ఒంటికి దెబ్బ తగిలితే ఆ ఇంటి పొయ్యికి తగిలినట్టే. కనుక ఆ మాట అన్నవారిని తప్పుపట్టలేము. అయితే ఆ మాట ఎంతవరకు నిజం? సైన్సు చదువుకుంటున్న మనం ఈ ప్రశ్న వేసుకోక తప్పదు. ఇద్దరు క్రీడాకారుల జీవితాలను ఆధారంగా తీసుకొని ఈ చిన్న వ్యాసంలో దానిని పరిశీలించదలచాను. ఒకరు అమెరికా దేశపు గోల్ఫ్ ఆటగాడు. రెండవవారు మన తెలుగువారే.

బెన్ హోగన్

గోల్ఫ్ మన కాలేజీ మైదానంలో ఆడే ఆట కాదు గనుక ముందు రెండు మాటలు చెప్పాలి. కోడిగుడ్డు కన్నా చిన్నదైన గట్టి బంతిని పొడుగాటి కర్రతో కొట్టి, దూరాన ఉన్న గుంటలో వేయాలి. అటువంటి గుంటలు 18. ఒక్క చుట్టు పూర్తి కావాలంటే నాలుగైదు మైళ్ళు నడవాలి. బంతిని కొట్టేది చేతులతోనే అయినా ఆ దెబ్బకు బలం వచ్చేది కాళ్ళ నుంచి, నడుము నుంచి.

బెన్ హోగన్ ఈ ఆటనే వృత్తిగా చేసుకొని బతికినవాడు. 1949 ఫిబ్రవరి 2వ తేదీన టెక్సాస్ రాష్ట్రంలో భార్య వాలరీతో కలిసి కారులో పోతుండగా పొగమంచులో ఒక బస్సు ఎదురుగా వచ్చి గుద్దింది. ఆ క్షణంలో ఆయన భార్యను కాపాడడానికి ఆమెకు అడ్డంగా ఒరిగాడు. స్టీరింగు కమ్మీ ఆయన కూర్చున్న చోటికే దూసుకువచ్చింది గనుక, ఆ ఒరగడమే ఆయన ప్రాణాన్ని కూడా కాపాడింది. కాని కటి ఎముక, మెడ కింది ఎముక, పక్కటెముక, ఎడమ చీలమండ విరిగాయి. తరువాత కాళ్ళలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డలు ఊపిరితిత్తులకు చేరసాగాయి. దానితో కాళ్ళ నుంచి గుండెకు రక్తం తీసుకుపోయే పెద్ద సిరను డాక్టర్లు కట్టివేయవలసి వచ్చింది. ప్రాణం నిలిచింది గాని కాళ్ళ వాపు, నొప్పి మాత్రం ఆయనను వదలలేదు.

16 నెలల తరువాత, 1950 జూన్‌లో, మెరియన్ మైదానంలో జరిగిన యు.ఎస్. ఓపెన్ పోటీలో హోగన్ పాల్గొన్నాడు. ఆ రోజుల్లో చివరి దినాన ఒక్కరోజే 36 గుంటలు ఆడవలసి ఉండేది. కాళ్ళకు కట్లు చుట్టుకొని ఆడాడు. ముగ్గురు సమానంగా నిలవగా, మరునాడు ఇంకో 18 గుంటలు ఆడి గెలిచాడు. ఆయన గెలిచిన 9 పెద్ద టైటిళ్ళలో 6 ఈ ప్రమాదం తరువాత వచ్చినవే.

ఇదంతా కేవలం మొండిధైర్యం అనుకుంటే పొరపాటు. ప్రమాదం తరువాత హోగన్ ఆడే పోటీలను బాగా తగ్గించుకున్నాడు. 1953లో ఆరు పోటీలకు మాత్రమే పోయి అయిదు గెలిచాడు. మాస్టర్స్, యు.ఎస్. ఓపెన్, బ్రిటిష్ ఓపెన్ మూడూ ఆ ఏడాదివే. తన కాళ్ళు ఎంత మోయగలవో లెక్క వేసుకొని, ఆ లెక్కలోనే ఆట కట్టుకున్నాడన్నమాట. ఆయన 1997లో మరణించాడు.

పుల్లెల గోపీచంద్

ఇక మన ఇంటి ఉదాహరణకు వద్దాం. పుల్లెల గోపీచంద్ 1973 నవంబరు 16న ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టారు. హైదరాబాదులో ఎస్.ఎం. ఆరిఫ్ గారి వద్ద షటిల్ నేర్చుకున్నారు. డిగ్రీ చదివింది ఏ.వి. కళాశాలలో. 1994లో పూణెలో డబుల్స్ ఆడుతుండగా మోకాలిలోని లిగమెంటు తెగింది. అప్పటికి ఆయన వయస్సు 20 ఏళ్ళు. అంటే ఈ సంచిక చదువుతున్న మనలో చాలామంది వయస్సే!

షటిల్ ఆటలో మోకాలి పని ఎంతో ఆడినవారికి తెలుసు. నెట్టు దగ్గరికి ఒక్క అంగలో పోవాలి, ఆగాలి, వెంటనే వెనక్కి తిరగాలి. అటువంటి ఆటగానికి మోకాలు పోవడమంటే రైతుకు ఎడ్లు పోయినట్టు. గోపీచంద్ శస్త్రచికిత్స చేయించుకొని, నడక దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టారు. 1996లో జాతీయ ఛాంపియన్ అయ్యారు. 2000 వరకు వరుసగా అయిదేళ్ళు ఆ స్థానం వదలలేదు. 2001 మార్చి 11న బర్మింగ్‌హాములో ఆల్ ఇంగ్లండ్ ఫైనల్లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించారు. 1980లో ప్రకాశ్ పడుకోనె తరువాత ఆ టైటిల్ గెలిచిన భారతీయుడు ఆయనే.

కథ అక్కడితో ఆగి ఉంటే అది ఒక విజయగాథ మాత్రమే. కాని దెబ్బతిన్న శరీరం ఎల్లకాలం ఆటకు సహకరించదు. అప్పుడాయన శిక్షకుడయ్యారు. 2003లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గచ్చిబౌలిలో స్థలం ఇచ్చింది. కట్టడానికి డబ్బు చాలక సొంత ఇల్లు తాకట్టు పెట్టారు. 2008లో అకాడమీ మొదలైంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో సైనా నెహ్వాల్ కాంస్యం, 2016 రియోలో పి.వి. సింధు రజతం ఆయన శిక్షణలో వచ్చినవే.

శరీరం ఎట్లా కోలుకుంటుంది?

మోకాలి లోపల తొడ ఎముకను, కింది ఎముకను పట్టి ఉంచే ఒక అడ్డతాడు వంటి లిగమెంటు ఉంటుంది. కింది ఎముక ముందుకు జారకుండా, మెలితిరగకుండా అది కాపాడుతుంది. చర్మం తెగితే రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మీద కొత్త కణజాలం అల్లుకుంటుంది. ఈ లిగమెంటు కీలు ద్రవంలో ఉంటుంది గనుక అక్కడ గడ్డ నిలవదు. అందుచేత పూర్తిగా తెగితే తనంతట తాను అతుక్కోవడం అరుదు. మోకాలిచిప్ప కింది నుంచో, తొడ వెనుక నుంచో స్నాయువు ముక్క తీసి ఆ స్థానంలో అమరుస్తారు.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఉన్నది. అమర్చిన ముక్క మొదట్లో గట్టిగానే ఉన్నా, కొన్ని వారాలకు బలహీనపడుతుంది. ఆ తరువాత కొత్త రక్తనాళాలు పాకి, నెలల మీద లిగమెంటుగా మారుతుంది. వరినాటు వేసిన రైతుబిడ్డలకు ఇది కొత్త కాదు. నాటిన నారు కొద్దిరోజులు వాడి పసుపెక్కుతుంది. వేరు పట్టినాక మూన తిరుగుతుంది. ఆ నాలుగు రోజులు చూసి పైరు పోయిందని దున్నేసే రైతు ఉండడు గదా!

ఎముక సంగతీ అంతే. ఎముక తన మీద పడే బరువును బట్టి తన నిర్మాణాన్ని మార్చుకుంటుందని 1892లో జూలియస్ వోల్ఫ్ అనే జర్మను వైద్యుడు వివరించాడు. బరువు పడకపోతే ఎముక పలచబడుతుంది. కదలని కండ కొద్ది వారాల్లోనే సన్నబడుతుంది. మడవని కీలు బిగుసుకుపోతుంది. అనగా విశ్రాంతి ఎంత అవసరమో, తగిన సమయంలో తగినంత శ్రమ కూడా అంతే అవసరం. తొందరపడితే అతుకు తెగుతుంది, ఆలస్యమైతే కాలు ఎండిపోతుంది.

మన ఊళ్ళలో లోపిస్తున్నది ఏమిటి?

మా పెదనాన్న పత్తి లోడు ట్రాక్టరు మీద నుంచి పడితే మోకాలి కింద ఎముక విరిగింది. పిండికట్టు వేశారు, విప్పారు. కాలు మీద బరువు పెట్టవద్దన్నారు గాని, ఎప్పటి నుంచి పెట్టవచ్చో ఎవరూ చెప్పలేదు. మేము చేసిన సేవల్లా ఆయనను కదలనీయకపోవడమే. ఎనిమిది నెలలు మంచం మీదనే ఉన్నాడు. ఎముక అతికింది గాని మోకాలు మడతపడదు, తొడ చెయ్యంత సన్నమయింది. తరువాత ఒక ఫిజియోథెరపీ ఆమె రోజూ చేయవలసినవి నేర్పితే, ఏడాదికి కర్ర సాయంతో లేచాడు. ఇప్పుడు నాగలి పట్టలేడు. మిర్చి నారుమళ్ళు పెంచి అమ్ముతున్నాడు. ఇంట్లో ఆయన మాట మళ్ళీ చెల్లుతున్నది.

హోగన్‌కు, గోపీచంద్‌కు ఉన్న వసతులు మా పెదనాన్నకు లేవు. అది నిజం. అయినా ముగ్గురిదీ ఒకే దారి - కొలత ప్రకారం రోజువారీ శ్రమ, మిగిలిన బలానికి తగినట్టు పనిని మార్చుకోవడం. ధైర్యం వీటికి తోడుండాలి గాని వీటి స్థానంలో నిలవలేదు.

కావున మిత్రులారా, మన ఇళ్ళలో ఎవరికైనా కట్టు వేయించినప్పుడు డాక్టరు గారిని మూడు ప్రశ్నలు తప్పక అడుగుదాం. కట్టు ఉండగానే కదపవలసిన కీళ్ళు ఏవి? బరువు ఎప్పటి నుంచి, ఎంత పెట్టవచ్చు? కట్టు విప్పాక వ్యాయామం ఎవరు నేర్పుతారు? పిక్క వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, హోగన్‌కు వచ్చిన ప్రమాదమే కావచ్చు గనుక క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఎన్.ఎస్.ఎస్. క్యాంపులకు పోయినప్పుడు రోడ్లు ఊడవడంతో పాటు ఈ నాలుగు మాటలు కూడా చెప్పి వద్దాం. “పనైపోయింది” అన్న మాట బదులు “ఏ పని చేయగలవు?” అని అడగడం మన ఇళ్ళ నుంచే మొదలుపెడదాం.