విద్యుత్తు తీగల క్రింద పండిన విత్తనము

పొలములమీదుగా హెచ్చు వోల్టేజి తీగలు సాగిన గ్రామములలో ఒక సందేహము తరచు పుట్టుచుండును. వాని క్రింద పండిన ధాన్యము విత్తనమునకు పనికివచ్చునా? పుప్పొడి చెడి గింజ తాలగునా? వంశలక్షణములు మారునా? ఈ భయము వ్యాపించినచో రైతు మంచి విత్తనమును గూడ చౌకగా అమ్ముకొనవలసి వచ్చును. కావున పంచాయతి సభ్యుల కొఱకు ఈ విషయమును వివరించుచున్నాము.

కిరణములవలన వంశలక్షణములు మారుట కల్ల కాదు. ఎక్సురే కిరణములచే అట్టి మార్పులు కలుగునని 1927లో అమెరికా శాస్త్రజ్ఞుడు హెర్మన్ ముల్లర్ పండ్లపై ముసురు ఈగలలోను, 1928లో లూయిస్ స్టాడ్లర్ బార్లీ పైరులోను చూపిరి. ఆ కిరణములకు జీవకణములోని అణుబంధములను తెంపు శక్తి గలదు. మన తీగలలోని విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తములు మాత్రమే చేయును. దాని చుట్టు ఏర్పడు అయస్కాంత క్షేత్రమునకు ఆ శక్తి లేదు. ప్రయోగశాలలలో ఇంతకంటె పెక్కురెట్లు బలమైన క్షేత్రములందు విత్తనములనుంచి చూచినవారిలో కొందరు మొలక హెచ్చెననియు, కొందరు తగ్గెననియు, మరికొందరు భేదము లేదనియు చెప్పిరి.

అయినను తీగలవలన కొన్ని చిక్కులు గలవు. మిక్కిలి హెచ్చు వోల్టేజి తీగల చేరువకు ఎదిగిన చెట్ల ఆకుకొనలు మాడును. ఇది ఆకునకు గాయమే గాని బీజమునకు దోషము గాదు. అమెరికాలో 765 కిలోవోల్టుల తీగల క్రింద నుంచిన పెట్టెలలోని తేనెటీగలు స్వల్పపు షాకులచే బాధపడినవి. తేనెటీగలు తగ్గినచో పొద్దుతిరుగుడు వంటి పైరులలో గింజకట్టు తగ్గును. కనుక ఆ పెట్టెలను తీగలకు దూరముగా నుంచవలెను.

సందేహము తీర్చుకొను మార్గము సులభము. ఒకే రకము, ఒకే ఎరువు, ఒకే నీరు గల చేనిలో తీగల క్రింది గింజలు 100, దూరపు గింజలు 100 తీసి, కొన్ని వారములు ఆరనిచ్చి, వేర్వేరు తడి గోనెలలో మొలకెత్తించి లెక్కింపవలెను. ఇట్లు నాలుగు మారులు చేయవలెను. ధ్రువీకృత వరి విత్తనము 100కు 80 మొలవవలెనని ప్రమాణము. పిమ్మట ఆ నారును నాటి, పైరు ఎత్తును, పూతకాలమును, కంకిని పోల్చి చూడవలెను. తేడా కనబడినచో ముందుగా స్తంభము వద్ద గట్టిపడిన నేలను, నీటి కొరతను పరిశీలింపవలెను.

తీగల క్రింద గడ్డివాములు వేయుట, బోరు పైపులను నిలువుగా ఎత్తుట ప్రాణాపాయకరము. ఈ హెచ్చరికను, పై పరీక్షాఫలితములను గ్రామసభలో చదివి వినిపింప కోరుచున్నాము.