ఎలుగుబంట్లు తిరిగే చోట రివాల్వర్: సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: మా అబ్బాయి అలాస్కాలోని ఆంకరేజ్‌లో ఉంటాడు. గ్రీన్ కార్డ్ వచ్చింది. సెలవు దొరికితే చేపలు పట్టడానికి నది వెంట వెళ్తాడు. అక్కడ ఎలుగుబంట్లు తిరుగుతాయని ఈమధ్యే రివాల్వర్ కొన్నాడట. ఎలుగంటే ఒక భయం, ఇంట్లో తుపాకీ అంటే ఇంకో భయం. నిద్ర పట్టడం లేదు.
- ఒక తల్లి, కాకినాడ

జవాబు: కంగారు పడకండమ్మా. అలాస్కా నదుల దగ్గర చేపలు పట్టేవాళ్ల ఛాతీ మీద రివాల్వర్ కనిపించడం మామూలే, మీవాడేమీ దారి తప్పలేదు. ఎలుగు కూడా మనిషి అలికిడి వింటే చాలావరకు తనే పక్కకు తప్పుకుంటుంది. ఈసారి ఫోన్ చేసినప్పుడు రెండు సంగతులు అడగండి: రివాల్వర్‌తో పాటు బేర్ స్ప్రే (ఎలుగును ఆపే కారం స్ప్రే) కూడా పెట్టుకుంటున్నాడా, ఇంటికి రాగానే తూటాలు తీసేసి తాళం వేస్తున్నాడా. రెండింటికీ అవునంటే నిశ్చింతగా పడుకోండి. స్నేహితులకు చూపించడానికి బయటికి తీస్తున్నాడని తెలిస్తే మాత్రం గట్టిగా చీవాట్లు పెట్టండి, ఆ భయం న్యాయమైనదే.

ప్రశ్న: సియాటిల్‌లో హెచ్-1బి మీద ఉన్నాను. వేసవిలో భార్యాపిల్లలతో మోంటానాలోని గ్లేసియర్ పార్క్‌కు వెళ్తున్నాం. స్నేహితుడు తన .44 మ్యాగ్నమ్ రివాల్వర్ పట్టుకెళ్లమంటున్నాడు. తీసుకోవచ్చా?
- ఒక పాఠకుడు, సియాటిల్

జవాబు: చేతిలోకి తీసుకోకముందే అడిగారు, చాలా మంచి పని చేశారు. హెచ్-1బి, ఎల్-1, ఎఫ్-1, విజిటర్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. సొంతదైనా అరువు తెచ్చిందైనా ఒకటే, ఇచ్చిన స్నేహితుడికీ చిక్కే. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది కానీ లాయరును అడగకుండా దాన్ని నమ్ముకోకండి, తేడా వస్తే ఎసరు వచ్చేది మీ వీసాకే. గ్రీన్ కార్డ్ వాళ్లకు ఈ నిషేధం లేదు. ధైర్యంగా వెళ్లిరండి, పెద్దవాళ్లిద్దరి నడుముకూ చెరో స్ప్రే డబ్బా ఉంటే చాలు.

ప్రశ్న: స్ప్రే అంటే నవ్వొస్తోంది. మూడు వందల కిలోల జంతువుకు కారం కొడితే ఆగుతుందా?
- ఒక పాఠకురాలు, బోజ్‌మన్, మోంటానా

జవాబు: మీ అనుమానం సహజం, నిజం మాత్రం మీకు ఊరటనిచ్చేదే. టామ్ స్మిత్, స్టీఫెన్ హెరెరో బృందం అలాస్కా ఘటనలను తిరగేసి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, స్ప్రే కొట్టినప్పుడు గోధుమరంగు ఎలుగులు 92 శాతం సందర్భాల్లో వెనక్కి తగ్గాయి. స్ప్రే దగ్గరున్నవాళ్లలో 98 శాతం మందికి గాయం కాలేదు. అదే బృందం 2012లో తుపాకుల లెక్క తీసింది: చేతి తుపాకులు 84 శాతం సార్లు పనిచేశాయి, కానీ కాల్చినవాళ్లకూ కాల్చనివాళ్లకూ గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. స్ప్రేకు సన్నటి గురి అక్కర్లేదు, ఎదురుగా మేఘంలా పరుచుకుంటుంది. ఎలుగు పది పదిహేను మీటర్లలోకి వచ్చేసరికి నొక్కండి, కాస్త కిందికి. ఎదురుగాలి ఉంటే మీకూ ఘాటు తగులుతుందని తెలిసే నొక్కండి. దోమల మందులా గుడారం మీద, బట్టల మీద చల్లుకునేవాళ్లున్నారు, ఆ వాసనకు ఎలుగే వెతుక్కుంటూ రావచ్చు.

ప్రశ్న: పౌరసత్వం ఉంది, ఊరి చివర ఇల్లు. గ్రిజ్లీలు (గోధుమరంగు ఎలుగులు) పెరటిదాకా వస్తాయి. స్ప్రే ఉంది, రివాల్వర్ కూడా కొనాలనుకుంటున్నాను. ఒకరు .357 చాలంటారు, ఒకరు .500 లేకపోతే చావే అంటారు. ఎవరి మాట వినాలి?
- ఒక పాఠకుడు, కోడీ, వయోమింగ్

జవాబు: బెదిరించేవాళ్ల మాట ముందు పక్కన పెట్టండి. 1935లో వచ్చిన .357 మ్యాగ్నమ్ నల్ల ఎలుగులకు సరిపోతుంది, గ్రిజ్లీ ముందు తక్కువే. 1955 నాటి .44 మ్యాగ్నమ్ దగ్గరే చాలామంది ఆగుతారు, నేనూ మిమ్మల్ని అక్కడే ఆగమంటాను. .454 కాసల్‌కూ, 2003లో వచ్చిన .500 స్మిత్ అండ్ వెసన్‌కూ బలం ఎక్కువే, కానీ ఒక దెబ్బకు చేయి పైకెగిరి మళ్లీ గురి కుదిరేలోపు ఎలుగు మీద పడుతుంది. గ్రిజ్లీ గంటకు 50 కిలోమీటర్లకు పైగా పరుగెత్తగలదు, ముప్ఫై మీటర్లు దానికి రెండు సెకన్ల పని.

అందుకే డబుల్ యాక్షన్ తీసుకోండి, ట్రిగ్గర్ లాగితే సుత్తి తనే లేచి పడుతుంది. రూగర్ రెడ్‌హాక్, స్మిత్ అండ్ వెసన్ 629 ఆ కోవలోవి. రూగర్ సూపర్ బ్లాక్‌హాక్ లాంటి సింగిల్ యాక్షన్‌లో ప్రతి తూటాకూ బొటనవేలితో సుత్తి వెనక్కి లాగాలి, వణుకుతున్న చేతితో ఆ పని మీవల్ల కాకపోవచ్చు. బ్యారెల్ నాలుగు అంగుళాలు చాలు. తూటాల దగ్గర కొత్తవాళ్లు పొరబడతారు: లోపలికి వెళ్లగానే విచ్చుకునే హాలో పాయింట్ వద్దు. గట్టి సీసంతో పోతపోసిన, ముక్కు చదునైన బరువు గుండు అడగండి, .44లో 300 గ్రెయిన్లది కూడా దొరుకుతుంది. దట్టమైన కండనూ ఎముకనూ దాటి లోపలికి దిగాల్సింది అదే. అలాస్కాలో ఈమధ్య 10 ఎం.ఎం. పిస్టల్ పట్టినవాళ్లూ ఉన్నారు, వాళ్లది తప్పనను. ఏది కొన్నా ఛాతీ మీద పట్టీలోనే ఉండాలి, బ్యాగు అడుగున ఉన్నది ఇంట్లో ఉన్నట్టే లెక్క.

ప్రశ్న: మోయడానికి సులువని తేలికపాటి .44 కొన్నాను. నాలుగు తూటాలకే అరచేయి మండిపోతోంది. గురి కిందికి పోతోంది. నా చేతిలోనే లోపమా?
- ఒక పాఠకుడు, స్పోకేన్

జవాబు: మీ చేతిలో ఏ లోపమూ లేదు. తుపాకీ ఎంత తేలికైతే అంత గట్టిగా తన్నుతుంది, ఆ తన్ను తలచుకుని చేయి ముందే బిగుసుకుంటుంది. ఒక పరీక్ష చేయండి: రేంజ్‌లో శిక్షకుణ్ణి సిలిండర్‌లో నాలుగు తూటాలు, రెండు డమ్మీలు కలిపి మీకు కనపడకుండా పెట్టమనండి. డమ్మీ మీద సుత్తి టక్కుమన్నప్పుడు గొట్టం మూతి చటుక్కున కిందికి వంగితే గురి పోతున్నది అక్కడే. అదే రివాల్వర్‌లో .44 స్పెషల్ తూటాలు కూడా పడతాయి, మెత్తగా ఉంటాయి, సాధన వాటితో చేయండి. మరో సంగతి: తేలిక రివాల్వర్ అదురుకు మిగతా తూటాల గుండ్లు మెల్లగా ముందుకు జారి సిలిండర్ తిరగకుండా పట్టేస్తాయి, ఎలుగు కోసం మీరు దాచుకున్న తూటాలతో అది జరుగుతోందేమో రేంజ్‌లోనే చూసుకోండి. అరచేయి మంట ఒకటి రెండు రోజుల్లో పోతుంది. వేళ్లు మొద్దుబారి అలాగే ఉన్నా, చెవుల్లో హోరు మర్నాటికీ తగ్గకపోయినా డాక్టరుకు చూపించాలి.

ప్రశ్న: ఎల్లోస్టోన్‌లో ఎలుగు మా మీదికి ఉరికొచ్చి కొద్ది దూరంలో ఆగి వెళ్లిపోయింది. నెలైనా వణుకు తగ్గలేదు. మళ్లీ వెళ్లగలమా?
- దంపతులు, డెన్వర్

జవాబు: వణుకు సహజం, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఉరికొచ్చి ఆగడం ఎలుగు బెదిరింపు, చాలా దాడులు అక్కడే ముగుస్తాయి. రెండు కాళ్ల మీద నిలబడితే అది సాధారణంగా ఏమిటా అని చూస్తోందంతే. భయపడాల్సింది చప్పుడు లేకుండా, చెవులు ముందుకు పెట్టి మీ వెనకే వచ్చేదాన్ని చూసి. అలాంటప్పుడు పరుగెత్తకుండా ఎదురు తిరిగి అరవండి. ఎల్లోస్టోన్‌లో ఎలుగు వల్ల గాయపడే అవకాశం సుమారు 27 లక్షల సందర్శనలకు ఒకటని పార్క్ వాళ్లే చెబుతారు. వంద గజాల దూరం పాటిస్తూ మళ్లీ వెళ్లండి.

ప్రశ్న: విమానంలో, పార్కుల్లో తుపాకీ, స్ప్రే తీసుకెళ్లనిస్తారా? ప్రాణభయంతో ఎలుగును కాలిస్తే జైలేనా?
- ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: నిజంగా ప్రాణరక్షణకే అయితే జైలు భయం అక్కర్లేదు, దాచిపెడితేనే చిక్కు. అలాస్కా బయట గ్రిజ్లీ 1975 నుంచి రక్షిత జంతువు, ప్రాణభయంతో చంపితే ఐదు రోజుల్లోగా అధికారులకు చెప్పాలి. అలాస్కాలో తోలూ పుర్రే కూడా ప్రభుత్వానికి అప్పగించాలి. విమానంలోనైతే తుపాకీని ఖాళీ చేసి, గట్టి పెట్టెలో తాళం వేసి, కౌంటర్‌లో చెప్పి చెక్-ఇన్ సామానులో పంపవచ్చు. స్ప్రేను విమానంలో అసలు రానివ్వరు, దిగాక కొనుక్కోండి. జాతీయ పార్కుల్లో 2010 నుంచి ఆ రాష్ట్ర చట్టం ఒప్పుకుంటే తుపాకీ ఉంచుకోవచ్చు, కాల్చడం మీద నిషేధం అలాగే ఉంది. కెనడాలోకి ఎలుగు భయమని చెప్పి రివాల్వర్ తీసుకెళ్లలేరు.

ప్రశ్న: మాది ఉద్దానం. ఎలుగుల భయంతో జీడితోటకు వెళ్లాలంటే గుండె దడ. మాకూ రివాల్వర్ లైసెన్స్ ఇప్పిస్తే బాగుండును కదా?
- ఒక రైతు, మందస, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీ భయం ఉత్తుత్తిది కాదు, మీ ప్రాంతంలో ప్రాణాలు పోయాయి. కానీ లైసెన్స్ వచ్చినా తోటలో పొదల చాటు నుంచి అడుగు దూరంలో లేచే ఎలుగు మీద రివాల్వర్ తీసే వ్యవధి మీకుండదు. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి గట్టి రక్షణ ఇచ్చింది. జీడిపళ్లు, పనస పండే రోజుల్లో చీకటితో ఒంటరిగా వెళ్లకండి. ఇద్దరు ముగ్గురు గట్టిగా మాట్లాడుకుంటూ, టార్చి, కర్ర పట్టుకుని వెళ్లండి. రాలిన పళ్లు ఇంటి పక్కన కుప్పపోయకండి. పగలు ఊళ్లోకి ఎలుగు వస్తే గుంపుగా తరమకండి, దారి వదిలి వెంటనే అటవీ శాఖవారికి ఫోన్ చేయండి.