పాత్రయు ముద్రయు

ఒక పాత్రమున విశేషకీర్తి గడించిన నటుని లోకము మరల మరల ఆ పాత్రమునందే చూడగోరును. క్రమముగా ఆ పాత్రయే ఆతనిపై చెరగని ముద్ర యగును. తెలుగున ‘వేషము కట్టుట’, ‘వేషము విప్పుట’ అను పలుకుబళ్లు రెండును గలవు. కట్టిన వేషమును విప్పుట కెవరికి సాధ్యము, ఎవరికి గాదు అనునది ఇచట విచార్యాంశము.

తెలుగు చలనచిత్రరంగమున ఇందులకు అక్కినేని నాగేశ్వరరావు ప్రసిద్ధోదాహరణము. ఆయన తొలుత రంగస్థలముపై స్త్రీపాత్రలు ధరించెను. 1953లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వమున వెలువడిన ‘దేవదాసు’ ఆయనను విషాదనాయకునిగా నిలిపెను. ఆ ముద్ర స్థిరపడకుండుటకై ఆయన 1955 నాటి ‘మిస్సమ్మ’లో అపరాధ పరిశోధకుని హాస్యపాత్రను స్వీకరించెను. అందు కథానాయకుడు ఎన్‌.టి.రామారావు. అగ్రనటుడు రెండవ స్థానమున నిలుచుటకు సమ్మతించుటయే ఆ విముక్తికి మూల్యము.

దాదాపు ఆ కాలముననే, తెలుగునాటికి ఉత్తరమున నున్న బస్తరులో భిన్నమైన చరిత్ర నడచెను. స్వీడను దర్శకుడు ఆర్నే సుక్స్‌డార్ఫ్ అచట నిర్మించిన చిత్రము 1957లో విడుదలయ్యెను. 1958లో కాన్ చిత్రోత్సవమున ప్రదర్శితమయ్యెను. దానికి సంగీతము రవిశంకర్ కూర్చెను. నారాయణపుర ప్రాంతమునందలి గఢ్ బెంగాల్ గ్రామపు మురియా బాలుడు చెంద్రు అందు ముఖ్యపాత్రధారి. పులితో చెలిమి చేయు బాలునిగా ఆతని పేరు విదేశములకు ప్రాకెను. ఆతడు స్వీడనుకు వెళ్లి కొంతకాల ముండి తిరిగివచ్చెను. పిదప స్వగ్రామముననే జీవితము గడపి 2013లో మరణించెను. వార్ధక్యమునను పత్రికలకు ఆయన ‘టైగర్ బాయ్’ గానే మిగిలెను. నవ రాయపూరు జంగిల్ సఫారీలో నెలకొల్పిన విగ్రహమునను పులి ఆయనను విడువలేదు.

ఈ భేదమునకు కారణము ప్రతిభయందలి తారతమ్యము గాదు. నాగేశ్వరరావునకు పరిశ్రమయు, రచయితలును, ఎన్నుకొనుటకు మరియొక పాత్రయు నుండెను. చెంద్రునకు రెండవ పాత్ర నిచ్చువారు లేరైరి. అంతకంటె గమనింపదగిన దొకటి కలదు. దేవదాసు నటుడు కాడని ప్రేక్షకు లెరుగుదురు. చెంద్రు మాత్రము తన పేరుతో, తన అడవిలో, కెమెరా యెదుట నిలిచెను. దర్శకుడు కోరిన నడకను, చూపును, నిరీక్షణను ఆ బాలుడు నిర్వహించినను, చూచినవారికి అది నటనగా గాక స్వభావముగా తోచెను. వేషమని గుర్తింపబడని వేషమును విప్పుట యెట్లు?

కావున ముద్రనుండి తప్పించుకొనుట నటుని యత్నముచేతనే నెరవేరునది గాదు. నటనను నటనగా గుర్తించుట విమర్శకుని వంతు. గిరిజన నటులను గూర్చి వ్రాయునపుడు ‘సహజముగా నున్నాడు’ అను మెప్పును మనము జాగరూకతతో వాడవలయును. ఆ మాట ప్రశంస వలె వినిపించుచునే, నటుని శ్రమను మరుగుపరచి, ఆతనికి రాదగిన రెండవ పాత్రను దూరము చేయగలదు.