కరెంటు పాయింటు ఎవరి బాధ్యత?

ఈమధ్య నా దగ్గరకొస్తున్న కేసుల్లో ఒకే వాక్యం మళ్లీ మళ్లీ తగులుతోంది. సీసీ కెమెరాలు, దొంగల అలారాలు బిగించే సంస్థలిచ్చే కొటేషన్ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది: ‘కరెంటు పాయింటు కస్టమరే ఏర్పాటు చేసుకోవాలి.’ ఎవరూ చదవరు. బిగించడానికొచ్చిన కుర్రాడేమో ‘పర్లేదండి, లైను కూడా నేనే లాగేస్తాను’ అంటాడు. లాగేస్తాడు కూడా. కొంప అంటుకున్నాక ఆ వాక్యం కోర్టులో మనకు ఎదురు నిలబడుతుంది.

తాజా కేసు ఉప్పాడది. ముందు గదిలో జాందానీ చీరల కొట్టు, వెనక మగ్గం. దొంగల భయంతో అలారం పెట్టించుకున్నారు. దాని ప్యానెల్‌కు మెయిన్ బోర్డు నుంచి విడిగా లైను తేవాలి. ఆ కుర్రాడు అలా చెయ్యలేదు. ఏసీ ప్లగ్గు విప్పి, అక్కడే సన్న వైరు మెలేసి, టేపు చుట్టి, చీరల బీరువా వెనక నుంచి పైకి లాగాడు. ఎర్తు లేదు, ఫ్యూజు లేదు. ఆ ప్లగ్గుకు బోర్డులో ఉన్నది 20 ఆంపియర్ల ఎంసీబీ. అంటే సన్న వైరు వేడెక్కి తొడుగు కరిగిపోతున్నా ఎంసీబీ పడదు. కొట్టు అంటుకున్నాక నేను వెళ్లి చూసేసరికి కాలగా మిగిలిన ముక్కలో రాగి పోగులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. అలలు రోడ్డు మీదికే వచ్చిపడే ఊరు. ఆ ఉప్పుగాలికి టేపు అతుకు ఎన్నాళ్లు ఆగుతుంది?

బ్రిటన్లో ఇలాంటి ప్యానెల్‌కు చిన్న ఫ్యూజున్న పాయింటు ప్రత్యేకంగా పెడతారు, మామూలుగా 3 ఆంపియర్లది. పని అయ్యాక, పరీక్షించి చూశామని సంతకం చేసిన సర్టిఫికెట్ చేతికిస్తారు. మన చట్టం అంతకంటే మెతకది కాదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చిన భద్రతా నిబంధనలు, వాటి స్థానంలో వచ్చిన 2023 నిబంధనలు ఒకే మాట చెబుతున్నాయి. అంతకుముందు 1956 నాటి విద్యుత్ రూల్సులో 45వ రూలు చెప్పిందీ అదే. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు లాంటివి ఉన్నచోటే మార్చుకోవడం తప్ప, వైరింగుకు కొత్తగా ఏది కలిపినా, మార్చినా ఆ పని రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సున్న కాంట్రాక్టరుదే. సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజర్ దగ్గరుండాలి, చేసేవాడికి పర్మిట్ ఉండాలి. సెన్సార్లకు వెళ్లే 12 వోల్టుల తీగలు అలారం కుర్రాడు లాగొచ్చు. 230 వోల్టుల లైను ముట్టుకోవాలంటే పర్మిట్ కావాలి. ‘నాలుగు అడుగుల వైరేగా’ అంటే చట్టం ఒప్పుకోదు.

ఇంకో దురలవాటు ఉంది. పర్మిట్ లేనివాడితో పని చేయించి, తర్వాత బజారులో ఎవరో కాంట్రాక్టరుకు డబ్బిచ్చి టెస్టు రిపోర్టు మీద సంతకం తెచ్చుకోవడం. ఆ కాంట్రాక్టరు మీ గుమ్మం తొక్కలేదని క్రాస్ ఎగ్జామినేషన్లో రెండు ప్రశ్నలకే బయటపడుతుంది. ఇదంతా చెప్పి పంపినా మళ్లీ అదే కాగితం పట్టుకొచ్చే క్లయింట్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఉప్పాడ కేసులో బీమా కంపెనీ ‘అనధికార వైరింగు, మీరు జాగ్రత్త పాటించలేదు’ అని క్లెయిము తిప్పికొట్టింది. దీనికి సమాధానముంది. కర్ణాటకలో రైతులు మిర్చి దాచుకున్న కోల్డ్ స్టోరేజి తగలబడిన వ్యవహారంలో, కెనరా బ్యాంకు కేసుగా 2020లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది: పాలసీదారు తానే నిప్పు పెట్టనంత వరకు మంట ఎలా పుట్టిందన్నది అప్రస్తుతం. కాబట్టి బీమా సంగతి పోరాడొచ్చు. అలారం సంస్థ మీద పోరాటమే కష్టమవుతోంది. మా లీగల్ నోటీసుకు వాళ్ల జవాబు రెండే ముక్కలు: కరెంటు పాయింటు కస్టమర్ బాధ్యత, కింద కస్టమర్ సంతకం ఉంది. లైను లాగింది వాళ్ల కుర్రాడేనని చూపడానికి మా దగ్గర మిగిలింది ఒక వాట్సాప్ మెసేజి, ‘లైను కూడా అయిపోయిందండి’ అని.

అందుకే మళ్లీ చెబుతున్నాను, ఆ వాక్యం కొట్టేయించకుండా సంతకం పెట్టొద్దు. కొట్టేయనంటే, లైను పని మీరే లైసెన్సున్న కాంట్రాక్టరుతో చేయించండి. బిల్లు మీద లైసెన్సు నంబరు, పని చేసినవాడి పర్మిట్ నంబరు రాయించుకోండి. ఆ నంబర్లు లేని బిల్లుకు ఫోన్‌పే కొట్టకండి. నంబరు మీద అనుమానముంటే సమాచార హక్కు కింద 10 రూపాయలు కట్టి విద్యుత్ తనిఖీ శాఖను అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

ప్రమాదం జరిగితే కాలిన వైరు పారేయకండి, ఫొటోలు తీయండి. మనిషికి గానీ పశువుకు గానీ దెబ్బ తగిలితే 2003 విద్యుత్ చట్టం 161వ సెక్షన్ కింద ఇన్‌స్పెక్టరుకు సమాచారం వెళ్లాలి, విచారణ కోరవచ్చు. మా క్లయింటును ఒక ఆఫీసులో ‘ఎవరూ పోలేదు కదండీ’ అని తిప్పి పంపారు. ఇక ప్రమాదాల రిపోర్టుల్లో ‘షార్ట్ సర్క్యూట్’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. ఏ అతుకు దగ్గర, ఎందుకు అన్నది రాయడానికి అధికారులకు ఏమంత బరువు?

నష్టపరిహారానికి రెండేళ్లలోపు కాకినాడలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. మీరు చెల్లించినది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. అవతలి లాయరు ‘ఇది వ్యాపార అవసరం, మీరు వినియోగదారు కారు’ అంటాడు. స్వయం ఉపాధితో బతికేవారికి చట్టంలో మినహాయింపుంది, అయితే ఆ సంగతి ఫిర్యాదులోనే రాయాలి. మగ్గం మీద బతికే కుటుంబమని మేం మొదటి పేరాలోనే రాశాం. వాట్సాప్ మెసేజి ప్రింటుతో పాటు ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి చట్టం అడిగే సర్టిఫికెట్ కూడా జత చేశాం. ఫోన్ మార్చొద్దని, ఆ చాట్ చెరపొద్దని క్లయింటుకు గట్టిగా చెప్పాను.